ముఖరోమములు: ఏది పోలిక, ఏది వ్యాధి?

ఆడుపిల్ల మూతిపై నూగు నల్లబడుట కనబడిన దినమున ఇంట నెవ్వరును పైకి మాటాడరు. తల్లి పసుపు మరికొంచెము ఎక్కువగా నూరును. మేనత్త నలుగుపిండి పంపును. తోడిపిల్లలు మాత్రము "మీసాలు వచ్చినవే" అని నవ్వుదురు. పెండ్లిచూపులనాటికి ఆ నవ్వు పెద్దల నోట గుసగుసయై మారును. ఇంత దుఃఖమునకు హేతువైన యీ విషయమును మర్యాదగా, దాపరికము లేక ముచ్చటించుట యవసరమని తలంచి ఈ నెల దీనిని గైకొంటిమి.

వేమూరు ప్రాంతపు సోదరీమణులకు పసుపునకు కొరత లేదు. రైలులో తెనాలి చేరి బెజవాడ దారి పట్టినచో దుగ్గిరాల వచ్చును. అచ్చటి పసుపు మార్కెటు యార్డు పేరు వినని యిల్లు ఆ వైపున నుండదు. పసుపు రాసిన రోమములు రాలునని మన పెద్దల నమ్మకము. పసిబిడ్డకు నలుగు పెట్టుటలోను ఈ యుద్దేశ్యము కొంత గలదు. అయితే పుట్టిన బిడ్డ వీపుమీదను, భుజములమీదను ఉండు మెత్తని నూగు నలుగు పెట్టినను పెట్టకున్నను కొన్ని వారములలో తనంతట తానే రాలిపోవును. కీర్తి మాత్రము నలుగుపిండికి దక్కినది. పసుపు స్నానము మన ఆచారము, అలంకారము. దానిని మానుమని మేము చెప్పము. కాని అది రోమమూలమును నశింపజేయునని నమ్మదగిన నిదర్శనము లేదు. గట్టిగా రుద్దిన లేతచర్మము కందిపోవుట మాత్రము నిశ్చయము.

ఈ రోమము లెట్లు వచ్చును? మన దేహమునందలి రోమమూలము లన్నియు తల్లిగర్భమునందే యేర్పడును. పుట్టిన తరువాత క్రొత్తవి పుట్టవు. స్త్రీ ముఖమునను పురుషుని ముఖమునను వాని సంఖ్య యించుమించుగా సమానమే. భేదమంతయు రోమపు తీరులో గలదు. స్త్రీ ముఖమున నుండునది సన్నని, రంగులేని నూగు. ఆండ్రోజెనులు అను హార్మోనుల ప్రభావమున ఆ నూగే ముదిరి నల్లని వెండ్రుకగా మారును. వీనిని పురుష హార్మోనులందురు గాని ప్రతి స్త్రీ దేహమునందును, అండకోశములలోను మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులలోను, ఇవి కొలదిగా పుట్టుచునే యుండును. కనుక వెండ్రుక ముదురుటకు రెండు హేతువులు గలవు: హార్మోను హెచ్చుట యొకటి, హార్మోను మామూలుగా నున్నను రోమమూలము దానికి ఎక్కువగా లోబడుట రెండవది. ఈ రెండవ గుణము వంశమునుబట్టి, జాతినిబట్టి వచ్చును.

అందువలననే లోకములోని స్త్రీలందరి ముఖములు ఒక్కతీరున నుండవు. చీనా, జపాను మొదలగు తూర్పుదేశముల స్త్రీలకు ముఖరోమములు తక్కువ. మధ్యధరాసముద్ర తీరమునను, అరబ్బు పారశీక దేశములలోను, మన భారతదేశమునను ఎక్కువ. తూర్పు ఆసియా స్త్రీలను మినహాయించిన, తక్కిన జనసమూహములలో పెక్కింట సుమారు నూటికి పదిమంది స్త్రీలకు వైద్యులు 'అధికము' అనదగినంత రోమవృద్ధి యుండునని 2012 సంవత్సరమున ఈ శాస్త్రమునందలి నిపుణులు కూడి ప్రకటించిరి. పదిమందిలో నొకతెకు గల లక్షణమును ఎక్కడను లేని వింతగా జూచుట న్యాయమా?

మరి 'అధికము' అనుటకు కొలత యేది? 1961లో లండనునందు ఫెర్రిమన్, గాల్వే అను నిద్దరు 430 మంది స్త్రీలను పరిశీలించి ఒక లెక్క కట్టిరి. తరువాత దానిని సవరించి నేడు వాడుచున్న పద్ధతిలో దేహమునందు తొమ్మిది స్థలములను జూచి, ఒక్కొక్కదానికి సున్న మొదలు నాలుగు వరకు అంకెలు వేయుదురు. మొత్తము 36. ముఖమునందు చూచునవి పై పెదవి, గడ్డము అను రెండే. ఇంగ్లాండు, అమెరికా దేశముల తెల్లజాతి, నల్లజాతి స్త్రీలకు 8 అంకెలు వచ్చిన అధికమందురు. మధ్యధరా ప్రాంతపు స్త్రీలకు 9 వరకు రావలయును. చీనాలోని హాన్ జాతి స్త్రీకి 2 వచ్చినను వైద్యుడు ఆలోచింపవలసినదే. ఒక దేశమున మామూలైనది వేరొక దేశమున వ్యాధిచిహ్నము కావచ్చునన్నమాట. ఇట్టిచో సినిమా బొమ్మలలోను, సబ్బుల ప్రకటనలలోను నునుపుచేసి చూపు ముఖములతో మన పిల్లల ముఖములను సరిచూచుట ఎంత తెలివిమాలిన పని!

ఇంతవరకు చెప్పినదానిని విని, "అయితే భయము లేదు, ఇది మా వంశపు పోలికే" అని అందరును ఊరకుండరాదు. పోలికకును వ్యాధికిని నడుమ గీత గలదు. ఆ గీతను తల్లులు గుర్తింపవలెను.

ముఖరోమములకు మూలమైన వ్యాధులలో ముఖ్యమైనది పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోము. దీనిని 1935లో చికాగో నగరపు వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ అనువారు వర్ణించిరి. ఇందు అండము విడుదల యగుట క్రమము తప్పును, నెలసరి ఆలస్యమగును, ఆండ్రోజెనులు హెచ్చును. ఇది మన దేశమున అరుదు కాదు. ఆంధ్రప్రదేశమునందలి యొక వసతి కళాశాలలో 15 మొదలు 18 ఏండ్లవరకు గల 460 మంది బాలికలను పరీక్షింపగా 42 మందికి ఈ రుగ్మత యున్నట్లు తేలినది. ఆ ఫలితము 2011లో ప్రకటితమైనది. ఇంచుమించు పదునొకండుగురిలో నొకతె! దీనిని ఉపేక్షించినచో ముందుముందు సంతానము ఆలస్యమగుటయు, మధుమేహము వచ్చుటయు సంభవింపవచ్చును. కనుక మూతిమీది వెండ్రుక యొక్కొక్కప్పుడు లోపలినుండి వచ్చిన జాబు వంటిది. ఆ జాబును పసుపుతో కప్పిపుచ్చిన చదువుట యెట్లు?

గీతను గుర్తించు విధము చెప్పుదుము. తల్లికి, అమ్మమ్మకు, మేనత్తలకు అట్టి నూగే యుండి, పిల్లకు ఈడువచ్చినప్పటినుండి మెల్లగా కనబడుచు, నెలసరి క్రమముగా నున్నచో అది చాలవరకు పోలికయే. అట్లుగాక, నెలసరి రెండేసి మూడేసి నెలలు తప్పుచున్నను, గడ్డముపై గరుకు వెండ్రుకలు క్రొత్తగా వచ్చుచున్నను, తలమీది జుట్టు పలుచనగుచున్నను, మెడవెనుక చర్మము నల్లగా మందమగుచున్నను, దేహము బరువెక్కుచున్నను వైద్యురాలికి చూపవలెను. కొద్ది నెలలలోనే వెండ్రుకలు విజృంభించి, కంఠము బొంగురుపోయినయెడల ఒక్క వారమైనను జాగు చేయరాదు; అండకోశమునగాని అడ్రినల్ గ్రంథినిగాని కంతి యుండవచ్చును. నెలసరి ఆగిపోయిన వయసున గడ్డముపై రెండుమూడు వెండ్రుకలు మొలచుట మాత్రము సాధారణము.

ఇక తొలగించు ఉపాయములు. కత్తి తగిలించిన వెండ్రుక మందమై మొలచునన్న మాట పొరపాటు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు దీనిని పరీక్షించి, గొరుగుటచే రోమము లావెక్కదని చూపినది. కోసిన కొస మొండిగా నుండుటచే చేతికి గరుకుగా తగులును, అంతియే. దారముతో లాగించుకొనుటయు హానికరము కాదు. లేసరు కిరణము నలుపును వెదకి కాల్చును. మన చామనచాయ చర్మమునందును నలుపు గలదు గనుక, నేర్పులేనివారి చేత చర్మమే కాలి మచ్చపడవచ్చును. మన దేశపు స్త్రీలలో కొందరికి లేసరు తరువాత చుట్టుప్రక్కల నూగు మరింత ముదురుటయు గలదు. కావున వీధిలోని అలంకారశాలకు గాక చర్మవైద్యుని యొద్దకు పోవుట మేలు. 1920వ దశకమున అమెరికాలో నొప్పిలేని చికిత్స యని ఎక్స్‌రే కిరణములతో ముఖరోమములు తీయించుకొన్న స్త్రీలలో ననేకులకు చర్మము పాడై, కొందరికి క్యాన్సరు వచ్చినది. క్రొత్త ఉపాయమును నమ్ముటకు ముందు ఇది జ్ఞప్తియందుంచుకొనవలెను. వ్యాధి యున్నవారికి మందులు గలవు. వాని ఫలము వెండ్రుకపై కనబడుటకు ఆరు నెలలైన పట్టును. వానిలో కొన్ని గర్భిణులు వాడరానివి గనుక వైద్యుని యాజ్ఞ లేక తెప్పించుకొనరాదు. స్థూలకాయము గలవారికి బరువు కొంత తగ్గినను నెలసరి కుదుటపడుట కలదు.

తల్లులతో ఒక్క మాట. పిల్లను అద్దము ముందు నిలిపి మూతి పరీక్షించుటకంటె, నెలసరి తేదీలను ఒక కాగితముపై వ్రాసియుంచుడని నేర్పుడు; వైద్యురాలికి పనికివచ్చునది ఆ కాగితమే. పెండ్లి చెడునను భయమున వైద్యమును దాచినచో పెండ్లియైన తరువాత ఆ భారము పిల్లయే మోయవలసివచ్చును. కోడలిని చూడబోవు అత్తలతో ఇంకొక మాట. ఆ పిల్ల పై పెదవిని వెక్కిరింపబోవునప్పుడు మీ యాడుబిడ్డల ముఖములను, మీ కూతుళ్ల ముఖములను ఒక్కసారి తలంచుకొనుడు. ఆ నూగు మన జాతికంతకును ఉమ్మడి సొత్తు.