వంటయింటి ముచ్చటలు: పెనము సంగతి



రెండేండ్ల క్రిందట మేమొక తెలివితక్కువ పని చేసితిమి. మా యత్తగారి నాఁటి యినుపపెనమును ప్రాఁతసామానులవానికిఁ దూకమునకు వైచి, దోసె యంటుకొనదని యంగడివాఁడు చెప్పిన నల్లపూఁత పెనము నొకదానిని గొంటిమి. పంతులుగారి జీతములో నా నెల మిగిలినదంతయు దానికే సరిపోయెను. అత్తగారు కోపపడలేదు. "మీ మామగారికిఁ గడపటి దోసె దానిమీఁదనే పోసితిని, అమ్మాయీ" అని మాత్ర మనిరి.

ఏఁడాది తిరుగకమున్నె పూఁతపై గీతలు పడి పెచ్చులు లేవఁజొచ్చెను. ఒకనాఁ డుదయమున వట్టి పెనమును బొయ్యిపై నుంచి, పిల్లకు జడ వేయుచు మఱచితిమి. వచ్చి చూచునప్పటికి ఘాటైన పొగ. గొంతు మండి చాలసేపు దగ్గితిమి. అటుపిమ్మటఁ గాని దాని సంగతి చదివి తెలిసికొనలేదు.

ఆ పూఁత పేరు టెఫ్లాను. 1938 లో అమెరికాలో రాయ్ ప్లంకెట్టను రసాయనశాస్త్రజ్ఞుఁడు వేఱొక పరిశోధన చేయుచు ననుకొనకుండ దానిని గనుఁగొనెను. మితమైన వేఁడికి నది చెడదు. సుమారు 260 డిగ్రీలు దాటినచోఁ జెడనారంభించును. ఇంకను మిక్కిలి కాఁగినచో నా పొగ మనుష్యులకు జ్వరమును దగ్గును దెచ్చును. పంజరములోని పక్షులు చచ్చును. వట్టి పెనము కొలఁది నిమిషములలోనే యా వేఁడి నందుకొనును. పెచ్చు కడుపులోఁ బడెనని మాత్రము బెదరనక్కఱలేదు. అది యఱుగక వెలికిఁ బోవును. వెనుక దాని తయారీలో వాడిన పి.ఎఫ్.ఓ.ఏ. అను ద్రవ్యమును 2023 లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ క్యాన్సరు కలిగించువానిలోఁ జేర్చెను. ఆ ద్రవ్యము లేదని చీటి యంటించినంతనే టెఫ్లాను లేదని తలఁపరాదు.

మఱి దేనిలో వండవలెను? దోసెలకు, వేఁపుళ్లకు ఇనుము. కొత్తపెనమును గంజిలో నానవైచి తోమి, నూనె పలుచగా రాచి పొగ వచ్చుదాఁక కాచి, చల్లార్చి, మరల మరల నట్లే చేయవలెను. కడిగినవెంటనే తుడిచి నూనె రాయనిచోఁ దుప్పు పట్టును. 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఇనుపమూకుఁడు మందు గాదు గాని, కూరలోనికిఁ గొంత యినుము చేర్చును. చింతపండు పులుసు మాత్ర మందు కాచరాదు; నల్లఁబడి రుచి చెడును. పులుసులకు రాచిప్ప గాని మట్టికుండ గాని స్టీలుగిన్నె గాని మేలు. సూర్యుఁడు ధర్మరాజున కొసఁగినది తామ్రపాత్రయే యని భారతమునఁ జదివి మురియుదుము గాని, మన రాగి యిత్తడి పాత్రలకుఁ గళాయి పోయినచోఁ బులుపునకు లోహము కరఁగి వంటలో దిగును.

మొన్న సంతలో నొక యినుపపెనము గొంటిమి. మొదటి మూఁడు దోసెలు చినిఁగినవి. అత్తగారు గరిటె యందుకొని, ఉల్లిచెక్కతో నూనె రాచి నాలుగవదానిని బోసిరి. అది చక్కఁగా లేచి వచ్చెను. దానిని దమ పళ్లెములోనే వేసికొనిరి.

సోదరీమణులారా, మీ యింటి యటుకపై ప్రాఁతపెనము మిగిలియున్నచో నమ్మకుఁడు. కళాయి సంగతి వచ్చు నెల వ్రాసెదము.