సాగర్ గట్టు మీద ముళ్లకంచె, సముద్రం అడుగున వేడి

2023 నవంబర్ 30. తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లవారకముందే ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జున సాగర్ డ్యాం మీదికి చేరుకున్నారు. 26 గేట్లలో 13 తమవేనంటూ 13వ గేటు దగ్గర అడ్డంగా ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. మాచర్ల వైపు పారిన ఆ నీళ్లు తాగడానికే. సాగుకు వదలాలన్నా జలాశయంలో లేవు. రెండు రాష్ట్రాల పోలీసులూ ఎదురెదురుగా నిలబడ్డాక చివరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యాం కాపలా చూసుకోవాల్సి వచ్చింది.

వారం తిరగలేదు. డిసెంబర్ 5 మధ్యాహ్నం మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్ల కోసం పోలీసులను దింపిన రాష్ట్రమే పొలాల్లోంచి నీళ్లు బయటికి పంపే పనిలో పడింది.

ఆ కరవు, ఈ తుపాను వేర్వేరు కష్టాల్లా కనిపించినా రెండూ పుట్టింది సముద్రంలోనే. ఆ ఏడాది పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాల్లో నీరు మామూలు కంటే వేడెక్కింది. ఎల్‌నినో అంటే అదే. ఆగస్టులో దేశమంతటా కురవాల్సిన వానలో 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. కృష్ణకు పైనున్న కర్ణాటకలో 236 తాలూకాలకు 223 తాలూకాలను కరవు ప్రాంతాలుగా ప్రకటించారు. ఎగువన ఆల్మట్టి, తుంగభద్ర నిండి పొర్లితే తప్ప సాగర్‌కు నీరు రాదు, సాగర్ నిండకపోతే నరసరావుపేట, గురజాల ఆయకట్టుకు దిక్కులేదు. ఎక్కడో పెరూ తీరం వైపు నీళ్లు కాగితే ఇక్కడ కాలువ ఎండుతుంది.

ఆ ఆగస్టునే మరో పని కూడా జరిగింది. 23వ తేదీ సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువం చేరువలో దిగింది. అంతకుముందు ఏ దేశమూ అక్కడ దిగలేదు. బడి పిల్లలు టీవీల ముందు చప్పట్లు కొట్టారు, పెద్దవాళ్లు మిఠాయిలు పంచారు. గర్వపడాల్సిన సందర్భమే. అయితే ఒకే నెలలో చంద్రుడి మీద కాలు మోపిన దేశం, శతాబ్దంలోకెల్లా పొడిబారిన ఆగస్టునూ చూసింది. సముద్రానికి ముందు పెట్టుబడి పెట్టాలా, అంతరిక్షానికా అని వక్తృత్వ పోటీల్లో అడిగే ప్రశ్నను ఈ జోడీ పక్కనే ఉంచి చూస్తే, దాని రంగు మారుతుంది.

ఒక చిన్న విచిత్రం చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట, గురజాల ఉన్న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఉమ్మడి గుంటూరుకు ఉన్న సముద్ర తీరం, నిజాంపట్నం హార్బర్‌తో సహా, బాపట్ల జిల్లాకు పోయింది. పల్నాటికి ఇప్పుడు సముద్రం లేదు. సముద్రం లేని చోట సముద్రపు కబుర్లు ఎందుకంటారా? దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ కూడా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లోనే ఉంది. ఆకాశంలోకి రాకెట్లు పంపే శ్రీహరికోట మాత్రం పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, నీళ్ల మధ్య ఉంది. రాకెట్ నుంచి విడిపోయే భాగాలు జనం మీద పడకుండా సముద్రంలో పడతాయి, తూర్పుకు తిరిగే భూమి వేగం కలిసొస్తుంది. అక్కడ తరతరాలుగా బతికిన యానాదులు ఆ దీవి వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి రాకెట్ అక్కడి నుంచి లేచింది. అంతరిక్ష యుగానికి తెలుగు నేల ఇచ్చిన ధరలో ఆ మనుషుల లెక్క కూడా ఉందని ఎప్పుడో ఒకప్పుడు గుర్తు చేసుకోవాలి.

అసలు సముద్రానికీ అంతరిక్షానికీ పోటీ పెట్టడం ఎంతవరకు సబబు? తుపానుల చరిత్ర ఒకసారి తిరగేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంతే బలమైన తుపాను ఆ ప్రాంతంలోనే తీరం దాటింది. ఆ నాటికి ఆకాశంలో ఇన్‌శాట్-1బి ఉంది. లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఆ తేడాకు పెద్ద కారణాల్లో ఉపగ్రహం ఒకటి. అంతరిక్షానికి పెట్టిన ప్రతి రూపాయీ దండగనే వాదన అక్కడితో వీగిపోతుంది.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు లాగితే మరో సంగతి బయటపడుతుంది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ వాతావరణ ఉపగ్రహానికి మొత్తం డబ్బు పెట్టింది భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ. అంటే సముద్రం, వాతావరణం చూసే శాఖే తన జేబులోంచి ఆకాశానికి కట్టింది. చేపల గుంపులు ఎక్కడుంటాయో ఇన్‌కాయిస్ చెప్పగలుగుతున్నదీ ఓషన్‌శాట్ లాంటి ఉపగ్రహాలు నీటి రంగు చూసి పచ్చదనం పసిగట్టి పంపే వివరాల వల్లే. ఈ రెండూ వేరుపడని సంసారం.

సంసారం ఒకటే అయినా ఇద్దరికీ తిండి సమానంగా లేదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు సుమారు 13,400 కోట్ల రూపాయలు ఇచ్చారు. భూవిజ్ఞాన శాఖకు దక్కింది సుమారు 3,650 కోట్లు. వాతావరణ శాఖ, భూకంపాల పరిశీలన, అంటార్కిటికా స్థావరాలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. లోతు సముద్రాల కోసం ప్రత్యేకంగా పెట్టుకున్న డీప్ ఓషన్ మిషన్‌కు ఆ ఏడాది 600 కోట్లు. ఒక్క చంద్రయాన్-3కి అయిన ఖర్చు 615 కోట్లు. ప్రయోగానికి ముందు నాలుగైదు నెలల పాటు దేశం మాట్లాడుకునే పనికీ, పదేళ్లు నడిచినా పేపర్లో రెండు లైన్లు రాని పనికీ మధ్య తేడా ఇది.

ఉపగ్రహం ఎంత తెలివైనదైనా సముద్రం చర్మాన్ని మాత్రమే చూడగలదు. తుపాను బలం ఎక్కువగా ఆ చర్మం కింద యాభై, వంద మీటర్ల లోతు దాకా దాగిన వేడి మీద ఆధారపడుతుంది. బంగాళాఖాతం సంగతి మరీ తికమక. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు ఉప్పునీటి మీద తేలికైన మూతలా పరుచుకుంటుంది. కింది చల్లని నీరు పైకి రానివ్వదు. వేడి అలాగే నిలిచిపోతుంది. అందుకే ఇక్కడ కొన్ని తుపానులు గంటల్లో పెద్దవైపోతాయి. 2018 అక్టోబర్‌లో శ్రీకాకుళం మీద పడిన తిత్లీ అలాంటిదే. ఈ లోపలి వేడిని తెలుసుకోవాలంటే నీళ్లలో చేయి పెట్టాల్సిందే.

ఆ చేయి పెట్టే పని బోయాలనే తేలుడు పరికరాలది. చెన్నైలోని ఎన్‌ఐఓటీ సంస్థ వాటిని సముద్రంలో లంగరు వేసి నిలబెడుతుంది. అవి గాలి, అల, వేడి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చెబుతాయి. వీటికి తోడు ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయి. ప్రపంచమంతా కలిపి దాదాపు నాలుగు వేలు. ఒక్కొక్కటీ పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పైకి వచ్చేటప్పుడు కొలతలు తీసుకుంటుంది. బోయాల కష్టాలు వింటే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. వాటి నీడన చేపలు చేరతాయి, చేపల కోసం పడవలు చేరతాయి. కొందరు పడవ దానికే కట్టేస్తారు. కొందరు సోలార్ పలకలు, తీగలు ఊడబెరుక్కుపోతారు. ఓడ వేసుకుని వెళ్లి బాగుచేసే దాకా ఆ చోట సముద్రం మూగదైపోతుంది.

ఉపగ్రహాలను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో 1982లో ప్రపంచం చూసింది. ఆ ఏడాది మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలింది. దాని ధూళి ఆకాశంలో పొరగా పరుచుకుని ఉపగ్రహాల కళ్లకు గంతలు కట్టింది. పసిఫిక్ నీరు అసలు కంటే చల్లగా ఉన్నట్టు లెక్కలు వచ్చాయి. ఆ శతాబ్దంలోని అతి పెద్ద ఎల్‌నినోల్లో ఒకటి కళ్ల ముందే పెరుగుతున్నా శాస్త్రవేత్తలు పోల్చుకోలేకపోయారు. ఆ పరాభవం తర్వాత అమెరికా, జపాన్ తదితర దేశాలు పసిఫిక్ భూమధ్యరేఖ పొడవునా దాదాపు 70 బోయాలు వేశాయి. 1994కి ఆ వరస పూర్తయింది. తర్వాతి కథే మనకు పాఠం. 2012లో బడ్జెట్ కోతల వల్ల వాటిని చూసుకునే ఓడను అమెరికా పక్కన పెట్టింది. 2014 నాటికి అక్కడి నుంచి రావాల్సిన సమాచారంలో సగం కూడా రాలేదు. కట్టడానికి ఉన్న ఉత్సాహం కాపాడుకోవడానికి ఉండదు, ఏ దేశంలోనైనా.

పల్నాటి రైతుకు ఇదంతా ఎంత దూరం? మిర్చి కల్లం అంత దూరం. ఆరబోసిన ఎర్రకాయ మీద ఒక్క పూట వాన పడితే రంగు దిగుతుంది, యార్డుకు తీసుకెళ్లాక బేరం దిగుతుంది. మూడు రోజుల ముందు కచ్చితమైన కబురు అందితే కాయ కుప్పచేసి పట్టాలు కప్పుకోవచ్చు, కూలీలను పిలిపించుకోవచ్చు. ఏ ఊరి మీద పడుతుందో తెలియని ‘కొన్ని చోట్ల భారీ వర్షాలు’ అనే ప్రకటనతో ఏ పట్టా కొనాలో, ఎన్ని కొనాలో తేల్చుకోలేడు. ఆ కబురు పదును ఎక్కేది సముద్రంలోని కొలతల వల్లే.

సముద్రం తరఫున వాదించేవాళ్లు ఎక్కువగా ఎత్తుకునేది మాత్రం ఈ వేడి, వాన లెక్కలు కావు. నికెల్, కోబాల్ట్. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర ఖనిజపు ముద్దలను వెతికే హక్కు భారత్‌కు ఉంది. మనుషులు ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 వాహనం తయారవుతోంది. అంత లోతులో మీద పడే ఒత్తిడి దాదాపు 600 వాతావరణాలు. వ్యోమనౌక గోడ తట్టుకోవాల్సింది ఒక్కటే. అందుకే 80 మిల్లీమీటర్ల మందం టైటానియం గోళం కావాలి. దాని వెల్డింగ్ పనికి ఎన్‌ఐఓటీ వెళ్లింది ఇస్రో దగ్గరికే. 2025 ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రెంచి జలాంతర్గామి నౌటీల్‌లో అట్లాంటిక్‌లోకి దిగారు. ఒకరు 5,000 మీటర్ల లోతు దాటారు. ఇవన్నీ చప్పట్లకు అర్హమే.

ఖనిజాల తవ్వకం దగ్గర మాత్రం తొందర వద్దనాలి. సముద్రపు అడుగు ఖనిజమైతే ఏమవుతుందో పల్నాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాచర్ల ఇళ్లలో కింద పరిచిన నాపరాయి, పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే కొండలు, ఇవన్నీ కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న లోతులేని సముద్రం అడుగే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలకూ ఆ పల్నాటి రాయే ముడిసరుకు. ఆ రాయి పల్నాటికి కూలీ ఇచ్చింది, పేరిచ్చింది, దాంతో పాటు ఇళ్ల కప్పుల మీద, చేలల్లో ఆకుల మీద తెల్లటి దుమ్మునూ ఇచ్చింది. ఇక్కడ కనీసం వాన వచ్చి ఆకు కడుగుతుంది. సముద్రం అడుగున వాన ఉండదు. 1989లో పెరూ తీరానికి దూరంగా శాస్త్రవేత్తలు అడుగును దున్ని చూశారు. 26 ఏళ్ల తర్వాత తిరిగి వెళ్తే నాగలి చాళ్లు అలాగే ఉన్నాయి. లోహపు ముద్దలు కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది.

కాబట్టి సముద్రానికి ముందు డబ్బు ఇవ్వాలి. ఇచ్చే డబ్బు మొదట వెళ్లాల్సింది తవ్వడానికి కాదు, కొలవడానికి. ప్రపంచ సముద్రాల అడుగులో 2025 మధ్య నాటికి సరైన కొలతలతో పటం గీసింది సుమారు 27 శాతమే. చంద్రుడి నేల పటం అంతకంటే ఎంతో నయం. మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు కేటాయించిన మొత్తం 2024 సెప్టెంబర్‌లో 20,000 కోట్లు దాటింది. దాన్ని ఆపమని ఎవరూ అడగడం లేదు. అందులో వందో వంతు ఏటా బంగాళాఖాతంలోని బోయాలకు, వాటిని చూసుకునే ఓడలకు, ఆర్గో ఫ్లోట్లకు పక్కాగా రాసిచ్చినా ఇన్‌కాయిస్ అంచనాలకు బలం వస్తుంది. ఆ పని హైదరాబాద్‌లోని స్కైరూట్ లాంటి ప్రైవేటు రాకెట్ సంస్థలు చేసిపెట్టవు, అమ్ముకోవడానికి అందులో సరుకు లేదు. ప్రభుత్వమే చేయాలి.

ఏటా ఏప్రిల్‌లో వాతావరణ శాఖ రుతుపవనాల తొలి అంచనా ప్రకటిస్తుంది. అందులో ఎల్‌నినో మాట వినపడగానే సాగర్ కుడి కాలువ కింద వరి వేయాలా, మిర్చి వేయాలా అన్న లెక్కలు మొదలవుతాయి. ఈసారి పార్లమెంటు సమావేశాల్లో నరసరావుపేట, బాపట్ల ఎంపీలు కలిసి ఒక్క ప్రశ్న వేస్తే బాగుంటుంది: బంగాళాఖాతంలో మన బోయాలు ఎన్ని, వాటిలో ఈ రోజు పనిచేస్తున్నవి ఎన్ని?