రక్షకభటుల బండి వట్టి యినుమా?

భటులు తఱుముచుండఁగా నేరస్థుఁడు పాఱిపోఁజూచుట లోకసహజము. అట్లుగాక, తన కారును మరలించి భటులు కూర్చున్న కారును బుద్ధిపూర్వకముగ ఢీకొట్టుట వేఱొక పని. మొదటిది భయముచేఁ జేయునది, రెండవది హింస. ఈ భేదమును మన శాసనములు చాలినంతగా గుర్తించినవా యని విచారింపవలసియున్నది.

మన దేశమున 2024 జూలై 1వ తేదినుండి భారతీయ న్యాయ సంహిత యమలులో నున్నది. విధినిర్వహణమందున్న ప్రభుత్వోద్యోగిపై దౌర్జన్యము చేసినవానికి దాని 132వ సెక్షను ప్రకారము 2 ఏండ్లవఱకు ఖైదు. ప్రభుత్వపు బండిని పాడుచేసినవానికో, ప్రజల యాస్తిని గాపాడుటకై 1984లో చేసిన చట్టము ప్రకారము 5 ఏండ్లవఱకు! బండిలోని భటుఁడు దైవవశమున గాయపడక బయటపడెనేని, ఇనుమునకుఁ గట్టిన వెల మనుష్యునకుఁ గట్టిన వెలను మించుచున్నది. హత్యాప్రయత్నమునకు 109వ సెక్షను 10 ఏండ్లవఱకు శిక్ష విధించును గాని, చంపు నుద్దేశమునో, చావు కలుగునన్న యెఱుకనో న్యాయస్థానమున నిరూపింపవలెను. "బెదరి త్రిప్పితిని, చంపఁదలఁపలేదు" అని ముద్దాయి తప్పించుకొనఁజూచును.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమువా రీ లోపమును 2017లో సవరించిరి. భటులు, అగ్నిమాపకులు, ఆంబులెన్సువారు మున్నగువారిని బండి నడపుటచేఁ గావలెనని యపాయమున కొడ్డుటయే యచ్చట ప్రత్యేకనేరము. గాయము తగిలినదా లేదా యని యా శాసనము వేచియుండదు. ఘోరమైన సందర్భములలో 20 ఏండ్లవఱకు ఖైదు విధింపవచ్చును. కావలెనని చేసినవానిని, అపాయము తెలిసియు లెక్కచేయక నడపినవానిని వేర్వేఱుగఁ జూచి, రెండవవానికిఁ దక్కువ శిక్ష నేర్పఱచిరి. ఈ వివేకము మెచ్చఁదగినది.

ఇది మనకు దూరపుమాట గాదు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో ఎఱ్ఱచందనపు దొంగరవాణాదారుల కారు, బండ్లను తనిఖీచేయుచున్న యొక కానిస్టేబులును గొట్టి ప్రాణము దీసినది. ప్రాణము పోయినపిమ్మట విచారించుటకు హత్యానేరపు సెక్షను గలదు. పోకమున్నే యడ్డుపడు శాసనము మనకుఁ గావలెను.

"పాఱిపోవువాఁడు శిక్షాకాలము లెక్కించుకొనునా?" యని కొంద ఱందురు. నిజమే. ఏండ్లు పెంచి గ్రంథమున వ్రాసినంతమాత్రమున నెవ్వఁడును బెదరఁడు. దొరకుట తప్పదనియు, విచారణ యేండ్లతరబడి సాగదనియు నమ్మకము కలిగిననే బెదరును. కౌటిల్యుఁడును అర్థశాస్త్రమున దండము మితిమీఱినను, మఱీ మెత్తనైనను జెఱుపే యనియు, నేరమునకుఁ దగినదై యుండవలెననియుఁ జెప్పినాఁడు. కావున నేను గోరునది క్రూరశిక్ష గాదు. నేరమునకుఁ దగిన పేరు, తగిన శిక్ష, జాగులేని విచారణ.

భటుని యింట నన్నము వండి, ప్రొద్దుపోయినదాఁక వీథివైపు చూచుచుండు నిల్లాలు మనవంటిదే. మీ మహిళాసమాజములలో నీ విషయమును జర్చింపుఁడు. మీ ప్రాంతపు శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు విన్నపములు వ్రాయుఁడు. శాసనములు చేయువారు మగవారైనను ఆడవారైనను, వారి నెన్నుకొనువారిలో మనమును గలము గదా!