కొలబద్ద పుట్టిన చోటే పెద్దలకు అందని నిర్ధారణ
ఆటిజం పరీక్షలన్నీ పిల్లలకే... నలభై దాటినవారి గోడు వినేదెవరు?

సికింద్రాబాద్: బిడ్డకు మాటలు రాలేదని ఆసుపత్రికి తీసుకువెళ్లిన తండ్రిని వైద్యులు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా? తోటి పిల్లలతో కలుస్తాడా? ఒకే వస్తువుతో గంటల తరబడి గడుపుతాడా? కుక్కరు ఈల వేస్తే చెవులు మూసుకుంటాడా? బిడ్డ గురించి జవాబులు చెబుతున్న ఆ తండ్రికి తన చిన్నతనం కళ్లముందు కదులుతుంది. ఇవన్నీ తనకూ ఉన్నవే కదా అన్న సందేహం మొదలవుతుంది. పెద్ద వయసులో ఆటిజం గురించి ఆరా తీసేవారిలో పలువురి ప్రయాణం ఈ విధంగానే ఆరంభమవుతోంది. అయితే బిడ్డను ఎక్కడికి తీసుకువెళ్లాలో చెప్పేవారు ఉన్నారు గానీ, ఆ తండ్రి ఎక్కడికి వెళ్లాలో చెప్పేవారు అరుదు. దేశం మొత్తానికీ ఆటిజం కొలబద్దను తయారుచేసి ఇచ్చిన సికింద్రాబాద్‌లోనూ ఈ ప్రశ్న తలెత్తుతుండటం గమనార్హం.

మనోవికాస్ నగర్ నుంచి దేశానికి

బోయిన్‌పల్లి సమీపంలోని మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పాటైంది. నాడు ఎన్ఐఎంహెచ్‌గా పేరొందిన ఈ సంస్థనే నేడు ఎన్ఐఈపీఐడీ అని వ్యవహరిస్తున్నారు. ఆటిజాన్ని మన దేశ పరిస్థితులకు అనుగుణంగా అంచనా వేసేందుకు 'ఇసా' అనే కొలబద్ద రూపుదిద్దుకున్నది ఇక్కడే. 2009లో ఇది వెలువడింది. ఇందులో 6 విభాగాలు, 40 అంశాలు ఉంటాయి. ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు స్వల్పమని, 107 నుంచి 153 వరకు మధ్యస్థమని, అంతకు మించితే తీవ్రమని పరిగణిస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కళ్లలోకి చూడకపోవడం, విన్న మాటనే తిరిగి వల్లించడం, తనను తాను గాయపరచుకోవడం వంటి లక్షణాలు ఎంత తరచుగా కనిపిస్తాయన్న దానిని బట్టి మార్కులు పడతాయి. పసివాడిలో ఇవి పైకి కనిపిస్తాయి. నలభై ఏళ్ల మనిషి సంగతి వేరు. ఎదుటివారి కళ్లలోకి చూడకపోతే పొగరు అనుకుంటారని బడిలోనే నేర్చుకుని ఉంటాడు. ఎవరైనా నవ్వితే నవ్వాలని, ఎలా ఉన్నారంటే బాగున్నానని చెప్పాలని కంఠస్థం చేసి ఉంటాడు. అతడు పడుతున్న శ్రమ లోపల ఉంటుంది, పైకి కనిపించదు. ఆడపిల్లలు ఈ విధంగా కప్పిపుచ్చుకోవడం మరింత ఎక్కువని, అందువల్లనే స్త్రీలలో ఆటిజం ఆలస్యంగా బయటపడుతోందని పలు దేశాల పరిశోధకులు పేర్కొంటున్నారు.

చట్టం వచ్చేసరికి వయసు మళ్లింది

ఈ తరం ఎందుకు మరుగున పడిందో తెలియాలంటే తేదీలను పరిశీలించవలసిందే. 1980లో పుట్టిన ఒక వ్యక్తిని తీసుకుందాం. మనోవికాస్ నగర్ సంస్థ ఏర్పడేనాటికి అతనికి 4 ఏళ్లు. 1995లో వికలాంగుల చట్టం వచ్చేనాటికి 15 ఏళ్లు. ఆ చట్టం గుర్తించిన 7 వైకల్యాల్లో ఆటిజం ఊసే లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి ప్రస్తావించేనాటికి 19 ఏళ్లు. కొలబద్ద వెలువడేనాటికి 29 ఏళ్లు. ఆటిజంతో సహా 21 వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చేసరికి అతనికి 37వ ఏడు సమీపించింది. బడి, కళాశాల, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ సరికే గడిచిపోయాయి.

వైద్యశాస్త్రం సైతం ఆలస్యంగానే మేల్కొంది. అమెరికాలో లియో కానర్ 1943లో, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లో పిల్లల్లో ఈ లక్షణాలను వివరించారు. మాటలు బాగా వచ్చినవారిలోనూ ఇది ఉండవచ్చన్న అవగాహన వైద్య గ్రంథాల్లో స్థిరపడింది మాత్రం 1990 దశకంలోనే. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం వీటన్నింటినీ కలిపి ఒకే ఆటిజం శ్రేణిగా పరిగణిస్తోంది.

లెక్కల్లోనూ పెద్దలు లేరు. 2011 జనగణనలో ఆటిజానికి ప్రత్యేక గడి లేదు. హైదరాబాద్ సహా దేశంలోని 5 ప్రాంతాల్లో జరిగి, 2018లో ప్రచురితమైన ఇన్‌క్లెన్ అధ్యయనం 2 నుంచి 9 ఏళ్ల పిల్లలకే పరిమితమైంది. ఏటా ఏప్రిల్ 2న జరిగే ప్రపంచ ఆటిజం అవగాహన దినోత్సవంలోనూ వేదికలపై కనిపించేది ఎక్కువగా చిన్నారులే. ఆటిజం జీవితాంతం ఉండేదే అయినప్పుడు ఆ చిన్నారుల వంటివారే మునుపటి తరంలోనూ ఉండి తీరాలి. వారంతా ఏమైనట్టు?

ఊరు పెట్టిన పేర్లు

వారు మన మధ్యనే ఉన్నారు. పేర్లే వేరు. ఒంటికాయ సొంటికొమ్ము అన్నారు. లౌక్యం తెలియనివాడన్నారు. పెళ్లి పందిట్లో బాజాల మోతకు తాళలేక బయటకు వెళ్లిపోతే మొండివాడన్నారు. పల్లెల్లో పొలం పని, పశువుల పని ఏటా ఒకే తీరుగా సాగుతున్నంత కాలం వీరి బతుకు ఏదో విధంగా నడిచింది. పట్నానికి వచ్చి నలుగురితో కలిసి చేసే కొలువులో చేరాకనే చాలామంది తడబడుతున్నారు. లక్షణాలు చిన్ననాటివే అయినా, సమాజం కోరేది శక్తికి మించినప్పుడు మాత్రమే బయటపడవచ్చని వైద్య ప్రమాణాలు సైతం అంగీకరిస్తున్నాయి.

ఆ దశలో వైద్యుని వద్దకు వెళ్లినవారికి తరచుగా దిగులు లేదా ఆందోళన అన్న పేరుతో మందులు అందుతున్నాయి. అవి కూడా నిజమైన బాధలే. ఆటిజం ఉన్న పెద్దల్లో దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఇతరుల కంటే ఎక్కువని అధ్యయనాలు తెలుపుతున్నాయి. అడుగున ఉన్న కారణం తెలియనంతవరకు మందు సగమే పనిచేస్తుంది.

సాక్షులు తరలిపోతున్నారు

పెద్దల్లో ఆటిజాన్ని నిర్ధారించే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు సుదీర్ఘంగా మాట్లాడి, పరిశీలించి తేల్చవలసి ఉంటుంది. లక్షణాలు బాల్యం నుంచే ఉన్నాయని రుజువు కావాలి. సామాజిక భయం, చాదస్తపు రుగ్మత, ఏకాగ్రత లోపం, వినికిడి లోపం వంటివి కాదని వేరుచేయాలి. ఇంటర్నెట్‌లో లభించే ప్రశ్నావళులు అనుమానాన్ని సూచిస్తాయే తప్ప నిర్ధారణ కాజాలవు.

బాల్యానికి ఆధారం ఎక్కడ? మాటలు ఎప్పుడు వచ్చాయో, ఒంటరిగా ఏం ఆడుకునేవాడో, ఏ అన్నం ముద్ద నోట పెట్టనిచ్చేవాడు కాదో చెప్పగలిగింది తల్లి ఒక్కతే. నలభై అయిదేళ్ల వ్యక్తి తల్లికి నేడు డెబ్బై సమీపిస్తుంది. ఆమె జ్ఞాపకం మసకబారినా, ఆమె కాలం చేసినా ఆ సాక్ష్యం తిరిగి రాదు. పిల్లల విషయంలో ఆలస్యం జరిగితే శిక్షణ కాలం నష్టపోతామని అందరూ హెచ్చరిస్తున్నారు. పెద్దల విషయంలో ఆలస్యం జరిగితే నిర్ధారణకే ఆధారం పోతుందన్న సంగతిని ఎవరూ ప్రస్తావించడం లేదు. తల్లి లేని పక్షంలో అన్నలు, అక్కలు, మేనమామలు చెప్పే వివరాలు, పాత ప్రోగ్రెస్ కార్డుల్లో ఉపాధ్యాయులు రాసిన మాటలు కొంతవరకు ఉపకరిస్తాయి. వైద్యుని వద్దకు వెళ్లేలోపే వీటిని కాగితంపై రాసి ఉంచుకోవడం మేలు.

నిర్ధారణ వేరు, ధ్రువపత్రం వేరు

ఈ రెండింటి మధ్య తేడా తెలియక పలువురు అయోమయానికి గురవుతున్నారు. నిర్ధారణ అనేది నిపుణుని అభిప్రాయం. ధ్రువపత్రం ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులు వైకల్య శాతాన్ని లెక్కించి ఇచ్చేది. 40 శాతం, ఆపైన ఉంటేనే రిజర్వేషన్ వంటి ప్రయోజనాలు వర్తిస్తాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అస్వస్థత, బహుళ వైకల్యాలకు కలిపి దక్కేది 1 శాతం. జాతీయ ట్రస్టు పరిధిలోని నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది.

మాట వచ్చి, చదువు వచ్చి, కొలువు చేసుకుంటున్నవారు ఆ శాతాన్ని అందుకోలేకపోవచ్చు. అంతమాత్రాన నిర్ధారణ వృథా కాదు. తనను సోమరి అని, అహంకారి అని ఇన్నాళ్లూ నిందించుకున్న మనిషికి అసలు కారణం తెలుస్తుంది. భర్త ఎందుకు మాట్లాడడో భార్యకు అర్థమవుతుంది. చప్పుడు తక్కువగా ఉన్న మూల కూర్చోనివ్వండి, పనిని నోటిమాటగా కాక రాసి ఇవ్వండి అని కార్యాలయంలో అడిగే ధైర్యం వస్తుంది. అదే సమయంలో వివాహ సంబంధాలకు అడ్డు అవుతుందన్న భయం, పైఅధికారి చులకన చేస్తాడన్న జంకు కూడా వాస్తవాలే. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదే.

తగ్గిస్తామని చెప్పే ప్రకటనల పట్ల అప్రమత్తంగా ఉండాలి. ఆటిజం మందుతో నయమయ్యే జబ్బు కాదు. స్టెమ్‌సెల్ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక విభాగం 2022లోనే స్పష్టం చేసింది.

చేయవలసింది ఇదీ

ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో వారానికి ఒక పూట పెద్దల ఆటిజం పరీక్షకు కేటాయించవచ్చు. పెద్దలకు తగిన ప్రశ్నావళులను తెలుగు పలుకుబడిలో రూపొందించి, పరీక్షించి జిల్లాలకు పంపవచ్చు. నాడు దేశానికి కొలబద్దను అందించిన సికింద్రాబాద్‌కు ఈ పని కొత్తదేమీ కాదు. దిగులు, ఆందోళన అంటూ ఏళ్ల తరబడి వచ్చే రోగిని ఒక్కసారి బాల్యం గురించి అడగాలని జిల్లా వైద్యులకు శిక్షణ ఇస్తే సగం దారి సుగమమవుతుంది.

తక్షణం మనసు కుంగినవారు ఉచిత టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. నిర్ధారణ కోరేవారు మాత్రం మొదట ఇంట్లోని పెద్దవారి దగ్గర కూర్చుని తమ చిన్ననాటి సంగతులు అడిగి రాసుకోవాలి. ఆసుపత్రిలో తేదీ ఎప్పుడు దొరికినా, ఈ పని మాత్రం వాయిదా వేయదగింది కాదు.