ఓర్చుకోమనే చేతులు

ఎదిగిన ఆడదాని ఒళ్లు పట్టడానికి మన సమాజం రెండే సందర్భాలు ఒప్పుకుంది. పెళ్లికూతురికి నలుగు, బాలింతకు నూనె మర్దన. రెండింటిలోనూ ఆ ఒళ్లు ఇంకొకరి కోసమే సిద్ధమవుతుంటుంది. తన నొప్పి కోసం తానే అడిగితే సోకు. డబ్బిచ్చి చేయించుకుంటే అనుమానం.

మా మట్టెవాడలో మెడ తిప్పలేని టీచర్లున్నారు. దగ్గర్లోని కొత్తవాడలో మగ్గాలకు కండెలు చుట్టి చుట్టి భుజాలు పట్టేసిన ఆడవాళ్లున్నారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. ఆ భుజాలకు ఏ గుర్తింపూ రాలేదు. వాళ్లకు దక్కే వైద్యం ఇంత బామ్, ఒక నొప్పి బిళ్ల, "వయసు మీద పడ్డది గదా" అనే మాట.

నేను హైదరాబాదులో ఒకచోట డీప్ టిష్యూ మసాజ్ చేయించుకున్నాను. కండరాల లోపలి పొరల దాకా పిడికిలితో, మోచేత్తో నెమ్మదిగా ఒత్తే పద్ధతి అది. ఎంత బలంగా ఒత్తాలో చేయించుకునే మనిషే చెప్పాలి. రక్తం గడ్డకట్టే సమస్య ఉందా, రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నారా అని ముందే అడగాలి. నన్నెవరూ ఏమీ అడగలేదు. నొప్పిగా ఉందంటే, "ఓర్చుకోండి మేడమ్, నొప్పి పుడితేనే పనిచేసినట్టు" అన్నారు. పురిటి గదిలో, అత్తింట్లో మనం వింటున్నదీ ఇదే మాట కదా? డబ్బు కట్టిన చోట కూడా "ఆపండి" అన్న మాటకు విలువ లేకపోతే ఇక ఎక్కడుంటుంది?

నా కోపం ఆ అమ్మాయి మీద కాదు, ఆమెకు అడగడం నేర్పని యాజమాన్యం మీద. రోజంతా ఒత్తే ఆమె బొటనవేళ్ల నొప్పి ఎవరడుగుతారు? తరతరాలుగా పల్లెల్లో బాలింతల ఒళ్లు పట్టింది ఎక్కువగా దళిత, మంగలి, చాకలి స్త్రీలు. వాళ్లకిచ్చింది ఓ పాత చీర, కొన్ని బియ్యం, గడప అవతలి చోటు. అదే నైపుణ్యం ఇంగ్లీషు పేరు పెట్టుకోగానే వేలు పలుకుతోంది. చేతులు మాత్రం ఇప్పటికీ పేద స్త్రీలవే. పోలీసు దాడుల ఫోటోల్లో ముఖానికి చున్నీ చుట్టుకుని నిలబడేదీ వాళ్లే.

రాజ్యానికి తోచే పరిష్కారం నిఘా. 2021 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు స్పాల్లో కెమెరాలు పెట్టమంది. 2022 జనవరిలో అదే కోర్టు మదురై ధర్మాసనం, అది వ్యక్తి గోప్యతకు భంగమంది. నా బట్టల్లేని వీపును చూసే కెమెరా నన్నెలా కాపాడుతుంది? పనిచోటుకు వచ్చే బయటివాళ్ల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించే బాధ్యత యజమానిదేనని 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. ముందు దాన్ని అమలు చెయ్యండి.

ఒళ్లు పట్టే ఆమెకు శిక్షణ, నికరమైన జీతం కావాలి. ఆమెకూ, బల్ల మీద పడుకున్న ఆమెకూ "వద్దు" అనే హక్కుండాలి. కండెలు చుట్టే భుజానికి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఫిజియోథెరపీ అందాలి. ఇవి అడిగితే సోకు అనేవాళ్లు, ఒక్కరోజు ఆ కండెలు చుట్టి చూడాలి.