అమ్మది ఫిజీ, నాన్నది ఫెర్మానా: మరి అబ్బాయి ఎవరివాడు?



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో వచ్చిన ఒక మాట మీద ఇది రాస్తున్నాము. ఉగాది సభలో స్వాగతం చెప్పడానికి ఒక అమ్మాయి పేరు వచ్చింది. మూడేళ్లుగా మన తెలుగు క్లాసు ఒక్క వారం కూడా మానని పిల్ల. "వాళ్లమ్మ తమిళావిడ కదండీ, వేరే ఎవరినైనా చూద్దాం" అన్నారు ఒక పెద్దాయన. ఎవరూ కాదనలేదు. మేమూ నోరు మూసుకుని కూర్చున్నాము. అది మా తప్పు. దాన్ని దిద్దుకోవడానికి ఒక ఆటగాడి సంగతి చెబుతాము.

ఐర్లండులో హర్లింగ్ అని పాతకాలపు ఆట ఉంది. జట్టుకు 15 మంది, చేతిలో కర్ర, చిన్న బంతి. ఇంగ్లీషువాళ్ల పాలనలో తమ ఆటలు పోతున్నాయని 1884లో అక్కడివాళ్లు సంఘం పెట్టుకుని దాన్ని నిలబెట్టుకున్నారు. నేటికీ ఆటగాళ్లకు జీతం లేదు. ఎంత పేరున్నవాడైనా పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు.

ఆ ఆటలో షాన్ ఓగ్ ఓ హాల్పీన్ అని ఒకాయన. 1977లో ఫిజీలో పుట్టాడు. తల్లిది అక్కడి రొటుమా దీవి, తండ్రిది ఐర్లండులోని ఫెర్మానా. చిన్నప్పుడు పెరిగింది ఆస్ట్రేలియాలో, సిడ్నీలో. 11 ఏళ్ల వయసులో కార్క్ నగరానికి వచ్చాడు. ఆటా, ఐరిష్ భాషా ఆ తర్వాత నేర్చుకున్నవే. నాన్నది ఫెర్మానా, అమ్మది ఫిజీ, రెండూ హర్లింగుకు పేరున్న చోట్లు కావని ఒక రేడియో వ్యాఖ్యాత వేసిన చమత్కారం అక్కడ చాలామందికి నోటికి వచ్చు.

1996లో కార్క్ పెద్ద జట్టులోకి వచ్చాడు. 1999లో ఆల్ ఐర్లండ్ కప్పు గెలిచాడు. 2001లో కారు ప్రమాదంలో మోకాలు బాగా దెబ్బతింది. ఇక ఆట అయిపోయిందనుకున్నవాళ్లు ఉన్నారు. మళ్లీ వచ్చాడు. 2004లో కప్పు, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా. 2005లో కెప్టెన్‌గా గాల్వే జట్టును ఓడించి కప్పు అందుకున్నాడు.

అసలు సంగతి ఇక్కడుంది. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 80 వేలమందికి పైగా జనం. ఐరిష్ ఆ దేశ రాజ్యాంగంలో మొదటి భాషే గాని, ఎక్కువ ఇళ్లలో మాట్లాడేది ఇంగ్లీషే. ఆ మైకు ముందు ఫిజీ తల్లి కొడుకు మొత్తం ప్రసంగం ఐరిష్‌లోనే చేశాడు. తాతముత్తాతల నుంచి అక్కడే ఉన్నవాళ్లలో ఎంతమందికి అది చేతనవుతుంది?

2010 సీజను అయ్యాక 33 ఏళ్ల వయసులో అతన్ని జట్టు నుంచి తీసేశారు. 2012లో మళ్లీ పిలిచారు, వెళ్లి ఆడి, ఆ ఏడే సెలవు తీసుకున్నాడు. పక్కన పెట్టినా సొంతం అనుకున్నదాన్ని వదలలేదు.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాము. మాబోటివాళ్లం తమిళ బడిలో చదివినవాళ్లం. తమిళం మాకు అన్నం పెట్టింది, దాని మీద మాకు కోపం లేదు. కానీ అమ్మా నాన్నా ఇద్దరూ తెలుగైన మాకు సంతకం తప్ప తెలుగు అక్షరం రాలేదు. రైల్వే నుంచి రిటైరయ్యాకే ఓనమాలు దిద్దాము. మన మినిట్స్ పుస్తకం ఇప్పటికీ తమిళంలోనే ఉంది. రక్తమే కొలత అయితే మనమందరం పాస్. అక్షరం కొలత అయితే ఆ అమ్మాయి పాస్, మనలో సగం మంది ఫెయిల్.

"ఒకరికి సందు ఇస్తే సంఘం కలిసిపోతుంది" అనేవాళ్లున్నారు. కలిసిపోవడం వల్ల కాదండీ, నేర్చుకునేవాళ్లు లేక ఖాళీ అవుతున్నాము. ఆదివారం క్లాసులో బెంచీలు ఎన్ని నిండుతున్నాయో ఒకసారి వచ్చి చూడండి.

వచ్చే మీటింగులో తీర్మానం పెడుతున్నాము: వేదిక ఎక్కడానికి తెలుగు వస్తే చాలు, అమ్మానాన్నల పుట్టుక అడగకూడదు. స్వాగతం ఆ అమ్మాయే చెప్పాలి. మూడేళ్లు ఆ పిల్లను క్లాసుకు తీసుకొచ్చిన ఆ తల్లిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి.

చేయి ఎత్తేవాళ్లు ఎత్తండి. ఈసారి మేము ఊరికే కూర్చోము.