దెబ్బ ఒంటికే తగలదు

"కొట్టకపోతే పిల్లలు మాట వింటారా అక్కా? మేమూ దెబ్బలు తినే పెరిగాం కదా!" అని సి.బెళగల్ నుంచి ఒక సోదరి రాశారు. ఎనిమిదేళ్ల కొడుకు గట్టిగా పిలిస్తే చాలు ఉలిక్కిపడుతున్నాడట. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ అప్పజెప్పలేకపోతున్నాడట. ఇంట్లో అందరూ 'మొద్దు బుర్ర' అంటున్నారట.

చెల్లెమ్మా, అది మొద్దు బుర్ర కాకపోవచ్చు, బెదిరిన బుర్ర కావచ్చు.

ఐదేళ్లు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడు సైజులో దాదాపు 90 శాతానికి చేరుతుంది. లోపలి అల్లిక మాత్రం ఇరవై ఏళ్లు దాటేదాకా సాగుతూనే ఉంటుంది. ఎమ్మిగనూరు మగ్గాలు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? నేత సాగుతుండగా పోగులు తెగితే ఆ లోపం బట్టలో కనిపిస్తుంది.

భయం వేస్తే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. ఎప్పుడో ఒకసారైతే తగ్గిపోతుంది. రోజూ తన్నులు, తిట్లు, కళ్లెదుట అమ్మను నాన్న కొట్టడం... ఇవైతే తగ్గే తీరికేదీ? జ్ఞాపకశక్తికి అవసరమైన హిప్పోకాంపస్, తొందరపాటును అదుపు చేసే మెదడు ముందుభాగం ఎదుగుదల దెబ్బతినవచ్చు. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా చీటికీ మాటికీ హెచ్చరిస్తుంటుంది. అలాంటప్పుడు ఎక్కాలు తలకెక్కుతాయా?

బడి సంగతీ చూడండి. అనంతపురంతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనంలో, 2009 నాటికి ఎనిమిదేళ్ల పిల్లల్లో పదింట తొమ్మిదిమందికి పైగా, అంతకుముందు వారంలో టీచరు కొట్టడం చూశామన్నారు. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. టీచరుగారిని అడగడానికి జంకకండి.

అయ్యో, చేయి చేసుకున్నామే అని కుమిలిపోకండి. పిల్లల మెదడుకు కోలుకునే శక్తి ఉంది. కావలసిందల్లా నమ్మదగ్గ పెద్దమనిషి ఒక్కరు. అమ్మానాన్నలు మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళితే, ఆ ఒక్కరు అవ్వ కావచ్చు, పిన్నమ్మ కావచ్చు. కానీ బిడ్డను ఎవరి దగ్గర వదులుతున్నామో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

కోపం వచ్చినప్పుడు గ్లాసు నీళ్లు తాగి, తరువాతే మాట్లాడండి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు వాడి కబుర్లు వినండి. ఎవరైనా తాకరాని చోట తాకారనో, 'అమ్మకు చెప్పొద్దు' అన్నారనో బిడ్డ చెబితే కసరకండి, నమ్మండి. ఇలాంటి నేరాలకు 2012 పోక్సో చట్టం ఉంది. 1098కి రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేయవచ్చు. పరువు పోతుందని ఊరుకుంటే పోయేది పసివాడి బతుకే.